దిగడానికి చోటు

మార్చి 3

బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్ ఎనిమిది పాయింట్ల తేడాతో గెలిచాం. నేను ఆడింది పదకొండు నిమిషాలు, వేసింది నాలుగు పాయింట్లు, చేసిన ఫౌల్స్ నాలుగు. నాలుగింటిలో మూడు ఓబ్రాద్ ఊదినవే.

మూడూ ఫౌల్సే, అందులో పేచీ లేదు. అతను నా మీద ఒక్కటి ఎక్కువ ఊదడు, ఒక్కటి తక్కువ ఊదడు. ఈ లీగ్‌లో అతన్ని రెఫరీగా ఆరేళ్ల నుంచి చూస్తున్నాను. ఒకసారైనా కోపంగా ఊదితే బాగుండునని నాకే అనిపిస్తుంది.

మూడోసారి ఈల మోగగానే నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఇప్పుడెవరూ ఎత్తరు. మా టీమ్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు అదేమిటో కూడా తెలియదు. స్రేతెన్ దగ్గర ఆట నేర్చుకున్న వాళ్లకే ఆ అలవాటు. ఫౌల్ చేసినవాడు ఈల కోసం ఆగకూడదు, వెంటనే చెయ్యెత్తాలి అనేవాడు ఆ ముసలాయన. ఎత్తకపోతే మర్నాడు బంతి ముట్టుకోనిచ్చేవాడు కాదు. బెంచీ మీద కూర్చోబెట్టి అందరి తువ్వాళ్లూ మడత పెట్టించేవాడు. పదేళ్ల వయసులో ఓబ్రాద్, నేను కలిసి చాలా తువ్వాళ్లు మడత పెట్టాం.

అతను నా చెయ్యి చూశాడు. టేబుల్ వైపు తిరిగి వేళ్లతో నా నంబర్ చూపించాడు. అంతే.

మోకాలు బాగానే ఉంది.

మార్చి 4

మోకాలు బాగానే ఉంది. మంచు గడ్డ పెట్టాను.

మార్చి 10

పొవ్లెన్ కొండ మీద నాన్న దగ్గరికి వెళ్లి వచ్చాం. మా ఊరు వల్యెవోలో మంచు కరిగిపోయింది కానీ అక్కడ ఇంకా దొడ్డి వెనక చారలు చారలుగా ఉంది. మా అబ్బాయి ఉగ్లేషా దాన్ని తినబోయాడు. వాళ్లమ్మ దున్యా వేలు పెట్టి నోట్లోంచి తీసింది.

నాన్న మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, భుజాల దాకా పెరిగిన వాడి జుట్టు పట్టుకుని చూశాడు.

“ఒరేయ్ వెలిబోర్, వీడికి మూడో ఏడు నడుస్తోంది. జుట్టు తీయిస్తారా, జడలేసి బడికి పంపిస్తారా?”

“తీయిస్తాం నాన్నా. మొదటి జుట్టు కత్తిరించి మనకు జన్మంతా చుట్టంగా ఉండే కుమ్ కుదరాలిగా.”

“బాప్తిస్మం కుమ్ వేరు, జుట్టు కుమ్ వేరు. జుట్టు కుమ్‌ని స్నేహితుల్లో వెతక్కూడదు. మా తాత ఎవరికిచ్చాడు కత్తెర? గట్టు తగాదాలో తన తల పగలగొట్టిన వాడికి. బిడ్డ తల వాడి చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి వాళ్లింట్లో పెళ్లయినా చావయినా ముందు మనమే, మనింట్లో వాళ్లే. గొడవ ఎక్కడ ఉందో అక్కడికే వెళ్లి అడగాలి. నీకూ ఒకడున్నాడుగా.”

“ఎవరు?”

“నాతో ఆటలా?”

“రానంటే?”

“కుమ్‌గా ఉండమని అడిగితే కాదన్నవాణ్ణి నా డెబ్బై ఏళ్లలో చూడలేదు. దేవుడి పేరు పెట్టి అడిగాక కాదనడానికి ఎవరికి గుండె ఉంటుందిరా?”

దారంతా దున్యా నిద్రపోయిన ఉగ్లేషా జుట్టు చిక్కులు తీస్తూ కూర్చుంది.

పన్నెండేళ్ల కిందట బెల్‌గ్రేడ్‌లో కప్ మ్యాచ్ అది, ఓబ్రాద్, నేను ఎదురెదురు టీమ్‌ల్లో. ఓబ్రాద్ అప్పటికే స్పెయిన్ క్లబ్‌తో మాట్లాడేసుకున్నాడు. మూల నుంచి పైకి ఎగిరి షాట్ వేశాడు, దిగేటప్పుడు నా పాదం మీద దిగాడు. చీలమండ దగ్గర ఎముక మూడు చోట్ల విరిగింది. నేల తడిగా ఉంది. ఆ హాల్లో కప్పు కారేది, అది అందరికీ తెలుసు. రెఫరీ ఈల ఊదలేదు.

మార్చి 17

మా క్లబ్ ప్రెసిడెంట్ రాదిషా పిలిపించాడు. అతని ఆఫీసు రాస్ప్‌బెర్రీ కోల్డ్ స్టోరేజీ పైన. వేసవిలో కూడా అక్కడ కాళ్లు చల్లబడతాయి. గోడ మీద మా టీమ్ ఫొటో ఒకటి, రాస్ప్‌బెర్రీ పెట్టెల ఫొటోలు పదకొండు ఉన్నాయి.

పై లీగ్‌కి వెళ్తే నాకు స్పోర్ట్స్ డైరెక్టర్ కుర్చీ, నాలుగేళ్ల ఒప్పందం. వెళ్లకపోతే జూన్‌లో చేయి కలిపి, పూలగుత్తి ఇచ్చి సాగనంపుతారు. ఇలా విడమరచి చెప్పలేదు. కాఫీ కలుపుతూ సగం సగం చెప్పాడు.

“ఫైనల్ దాకా మనం వెళ్తాం, అది ఖాయం. కానీ ఆ మ్యాచ్‌కి మీ ఓబ్రాద్‌ని వేస్తారని వినికిడి. పై లీగ్ రెఫరీల లిస్టుకి అతని పరీక్ష అదేనట. సెప్టెంబర్‌లో ముప్పై ఎనిమిది నిండుతాయట, ఆ తర్వాత ఇక తీసుకోరు. అంటే ఆ రోజు నిప్పులా ఉంటాడు. మన ఆటేమో ఎలాంటిదో నీకు తెలుసు. చేతులు వేసి ఆడే ఆట.”

“అతను సరిగ్గానే ఊదుతాడు,” అన్నాను.

“అదే నా బాధ.”

అప్పుడు నాన్న అన్న మాట చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, మాటల్లో వచ్చింది. రాదిషా చెంచా ఆపాడు.

“మీ నాన్న పెద్ద బుర్ర.”

“దానికీ దీనికీ సంబంధం లేదు.”

“లేదనే నేనూ అంటున్నా. కుమ్ అయితే మన మీద ఊదలేడు. నియమం పట్టుకున్నాడా, అసలు అక్కడ ఉండడు. ఎటైనా మంచిదే. కానీ ఇది మీ ఇంటి విషయం వెల్యా, నేను తల దూర్చను.”

లేచి నా భుజం తట్టాడు.

మార్చి 18

ఇది నాన్న ఆలోచన.

మార్చి 24

దున్యా తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది.

“నాన్న అన్నారని ఓబ్రాద్ దగ్గరికి వెళ్తున్నావు, బాగుంది. పన్నెండేళ్లు ఆగిన వాడివి రెండు నెలలు ఆగలేవా? ఆటలన్నీ అయ్యాక వెళ్లు.”

“మూడో ఏడు దాటకూడదు. నాన్న పట్టుదల నీకు తెలుసుగా.”

“పుట్టినరోజు ఆగస్టులో.”

“ముందు అడిగి పెట్టుకోవాలి కదా.”

ఆమె నన్ను కాసేపు చూసి చెప్పులు విప్పింది. కూర వేడి చేసుకోమంది.

ఆగస్టు దాకా సమయం ఉన్న మాట నిజమే. కానీ వేసవిలో కొండ మీద ఎండుగడ్డి పనులు ఉంటాయి. నాన్నకు తీరదు.

ఏప్రిల్ 7

సెమీఫైనల్ మొదటి మ్యాచ్ గెలిచాం. ఏడు నిమిషాలు ఆడాను. మోకాలు బాగానే ఉంది.

ఏప్రిల్ 13

రేపు వెళ్తున్నాను. నాన్న తన చెక్క సురాయి పంపించాడు, తీగలు చెక్కినది, మా తాతది. మెడకు ఎండు తులసి కొమ్మ కట్టాడు. లోపల తను కాచిన ప్లమ్ పండ్ల సారా, రకియా. అడిగినప్పుడు అందులోంచి తాగితే కుమ్‌గా ఒప్పుకున్నట్టే.

ఒకటి రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు తడబడతాను. ఆ రోజు నేను అరడుగు ఆలస్యమయ్యాను. ఆలస్యమైనవాడి కాలు ఎక్కడ పడుతుందో ఆలస్యమైనవాడికి తెలియదు. ఆటలో జరిగేదే. నేల తడి సంగతి చెప్పను, సాకులా ఉంటుంది.

ఏప్రిల్ 14

ఓబ్రాద్ వాళ్లమ్మతో కలిసి తెష్న్యార్ పేటలోని పాత ఇంట్లోనే ఉంటాడు, కొలుబారా నది పక్కన. చిన్నప్పుడు ప్రాక్టీస్ అయ్యాక ఆ వంటింట్లోనే తినేవాళ్లం. మెట్ల పక్క గోడ మీద బంతి కొట్టిన మచ్చలు సున్నం కింద ఇంకా కనిపిస్తున్నాయి. అందులో సగం నావి.

తలుపు వాళ్లమ్మ తీసింది. ముందు నన్ను చూసింది, తర్వాత సురాయిని చూసింది. ఆమె ముఖం మారింది.

“లోపలికి రా బాబూ,” అంది. “ఓబ్రాద్, కిందికి రారా. ఎవరొచ్చారో చూడు.”

అతను మెట్లు దిగి వచ్చాడు. మెట్లు అడ్డంగా దిగుతాడు, కుడి పాదం ముందుకు వంగదు కాబట్టి. కోర్టు మీద అది కనిపించదు. ఇన్నేళ్లూ నేను అతన్ని కోర్టు మీదే చూశాను.

వాళ్లమ్మ ప్లమ్ పండ్ల మురబ్బా చెంచాడు, గ్లాసుడు నీళ్లు పెట్టింది. బల్ల మీద స్కూలు పిల్లల లాంగ్‌జంప్ కొలతల కాగితాలు ఉన్నాయి, అతను వ్యాయామం టీచర్ కదా. వాటిని పక్కకు జరిపాడు.

“పన్నెండేళ్లు,” అంది ఆమె. “ఆస్పత్రికి రాలేదు, ఇంటికి రాలేదు. నిన్ను కూడా నేనే తినిపించాను కదరా.”

“పనులు పిన్నీ.”

“అవును. పనులు.”

ఇక ఆలస్యం చేస్తే నోరు పెగలదనిపించి లేచి నిలబడ్డాను. రెండు చేతులతో సురాయి పట్టుకుని, దాని వైపే చూస్తూ అన్నాను.

“ఓబ్రాద్, దేవుడి పేరున, పవిత్ర యోవాన్ పేరున అడుగుతున్నా. మా ఉగ్లేషాకి జుట్టు కుమ్‌గా ఉండు.”

వాళ్లమ్మ శిలువ గుర్తు వేసుకుని కుర్చీలో కూర్చుంది. అతను బల్ల మీది కాగితాలు మళ్లీ సర్దాడు. కోర్టు మీదయితే బంతి చేజారిపోయేది, షాట్ వేయడానికిచ్చే ఇరవై నాలుగు సెకన్లు ఎప్పుడో దాటాయి.

“ఇప్పుడేనా?” అన్నాడు.

“నాన్న తొందరపెడుతున్నాడు.”

“మీ నాన్న.”

“ఊఁ.”

“జూన్‌లో అడిగితే కాదంటాడా?”

“మూడో ఏడు కదా...”

అతను వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె ఏడుస్తోంది, సంతోషంతోనే అనుకుంటాను. అతను లేచి సురాయి అందుకుని, శిలువ గుర్తు వేసుకుని మూడు గుటకలు తాగాడు. తులసి కొమ్మ సర్ది నా చేతికి తిరిగి ఇచ్చాడు. మూడు ముద్దులు పెట్టుకున్నాం. అతని గడ్డం గరుకుగా ఉంది.

“ఇవాళే రెఫరీల కమిషనర్‌కి రాస్తాను,” అన్నాడు. “కుమ్ ఆడే టీమ్‌కి ఊదకూడదు.”

“జుట్టు తీసేది జూన్‌లోనేగా. అప్పటిదాకా కుమ్ కాదు కదా.”

“తాగాను కదా,” అన్నాడు.

నేను దాని గురించి ఆలోచించలేదు. ఫైనల్ సంగతి ఆ క్షణంలో నా తలలో లేదు.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. “మంచి పని చేశావురా,” అన్నాడు.

ఏప్రిల్ 15

మంచి పని చేశాను.

ఏప్రిల్ 28

ఈస్టర్. ఉగ్లేషా పండగకి రంగు వేసిన గుడ్లు ఒకదానికొకటి కొట్టి ఇంట్లో ఉన్నవన్నీ పగలగొట్టాడు. ఎర్ర రంగు మూడు తువ్వాళ్లకు అంటింది.

మధ్యాహ్నం ఓబ్రాద్ ఫోన్ చేశాడు. “క్రీస్తు లేచాడు, కుమ్,” అన్నాడు. “నిజంగా లేచాడు, కుమ్,” అన్నాను. పిల్లాడి చొక్కా కొలత అడిగాడు. కుమ్ కొత్త చొక్కా తేవాలి కదా. నాకు కొలత తెలియదు, దున్యాను అడిగి చెప్పాను.

ఫోన్ పెట్టేసి తువ్వాళ్లు నానబెట్టాను.

మే 11

ఫైనల్ రెఫరీల పేర్లు వచ్చాయి. అతని పేరు లేదు.

దున్యా చెప్పింది. మందుల షాపుకు వచ్చేవాళ్లు చెప్పుకుంటున్నారట. లిస్టు పరీక్ష ఆ మ్యాచ్‌కే పెట్టారు, ఇంకో మ్యాచ్‌లో పెట్టమంటే కమిషనర్ కుదరదన్నాడు. పైగా కుమ్ సంగతి ఓబ్రాదే రాసి చెప్పాడు కాబట్టి అంతా పద్ధతిగా జరిగిందని మెచ్చుకున్నారట.

“సెప్టెంబర్‌లో ముప్పై ఎనిమిది నిండుతాయట,” అంది దున్యా. “ఆ తర్వాత ఇక తీసుకోరట. అంటే అయిపోయింది. నీకు తెలుసా ఇది?”

“తెలియదు.”

ఆమె వంటింట్లోకి వెళ్లాక ఈ పుస్తకం తీశాను. మార్చి 17 పేజీ చూశాను. రాదిషా చెప్పాడు. నా చేతి రాతే.

బహుశా అప్పుడు సరిగ్గా వినలేదు.

మే 12

విన్నవాడే రాస్తాడు.

మే 18

ఫైనల్ గెలిచాం. రెండు పాయింట్ల తేడా.

ఊరంతా వీధుల్లోనే ఉంది. కార్లు హారన్లు మోగిస్తూ నది అవతలికి వెళ్లి మళ్లీ తిరిగి వస్తున్నాయి. రాదిషా నన్ను కౌగిలించుకుని చెవిలో “డైరెక్టర్” అన్నాడు. కుర్రాళ్లు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. మోకాలు తగలకుండా ఎత్తుకోవడం వాళ్లకు చేతకాలేదు.

రాయాల్సింది ఒకటి ఉంది. ఇంకా నిమిషం ఉండగా రెండు పాయింట్లు ముందున్నాం. వాళ్ల కుర్రాడు, పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో, మూల నుంచి ఎగిరాడు. ఆ మ్యాచ్‌లో వాడు అక్కడి నుంచి వేసినవి ఐదుకు నాలుగు పడ్డాయి. నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. వాడు నా పాదం మీద దిగి పడ్డాడు. బంతి రింగుకు తగిలి బయటికి వచ్చింది. ఈల మోగలేదు. కొత్త రెఫరీ వేరే వైపు చూస్తున్నాడు, ఆ మ్యాచంతా అతను వేరే వైపే చూశాడు.

వాడు లేచాడు. కొంచెం కుంటుతూ అయినా లేచాడు. బాగానే ఉన్నాడు.

నేను బంతిని చూస్తున్నాను. బంతినే చూస్తున్నాను.

మే 19

ఆ కుర్రాడి సంగతి కనుక్కోమని మా డాక్టర్‌కి చెప్పాను. బెణుకే. వారం అంటున్నారు.

మే 26

ఒప్పంద పత్రం వచ్చింది. నాలుగేళ్లు. జూన్ పదిలోపు సంతకం పెట్టి ఇవ్వాలి. దున్యా దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అతికించింది, కరెంటు బిల్లు పక్కన.

జూన్ 2

జుట్టు తీసే వేడుక నాన్న ఇంటి ముందు చేశాం. రెండు గొర్రెపిల్లల్ని కాల్చాం. ఇరవై మంది దాకా వచ్చారు. నాన్న పొద్దుటి నుంచీ కోటు వేసుకునే తిరిగాడు. గొర్రెలకు వాడే కత్తెర తెచ్చి మనవడికి చూపించి బెదిరించాడు, వాడు భయపడకపోయేసరికి తనే నవ్వాడు.

ఓబ్రాద్ వాళ్లమ్మను తీసుకుని సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. కొత్త కత్తెర, కొత్త తెల్ల చొక్కా తెచ్చాడు. చొక్కా సరిపోయింది.

ఉగ్లేషాను కుర్చీలో కూర్చోబెట్టారు. కదలకుండా నేను వాడి భుజాలు పట్టుకున్నాను. నాన్న గుడ్డ పరిచాడు. శిలువ ఆకారంలో నాలుగు చోట్ల కత్తిరించాలి. ఓబ్రాద్ నుదుటి మీద ఒక పాయ, మెడ మీద ఒకటి, కుడి చెవి పైన ఒకటి తీశాడు. చాలా మెల్లగా తీశాడు. స్కూలు పిల్లలతో ఉండేవాడు కదా. ఉగ్లేషా నోరు తెరుచుకుని అతన్నే చూస్తున్నాడు.

నాలుగో పాయ వేళ్ల మధ్య పట్టుకుని ఆగాడు. వంగి ఉన్నాడు కాబట్టి అతని మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

“కుమ్‌కి అబద్ధం చెప్పరు కదా?”

“చెప్పరు.”

“ఆ రోజు కాలు కావాలనే పెట్టావా?”

నేల తడి అని రాశాను. అరడుగు ఆలస్యం అని రాశాను. నోట్లో ఆ రెండూ వెతికాను, దొరకలేదు.

“పెట్టాను,” అన్నాను. “టైమౌట్‌లో కోచ్ అన్నాడు, వాడికి దిగడానికి చోటివ్వకు అని. పెట్టాను.”

అతను నాలుగో పాయ కత్తిరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న జుట్టును గుడ్డలో మూటగట్టి దున్యా చేతిలో పెట్టాడు. ఓబ్రాద్ పిల్లాడి తల మీద ముద్దు పెట్టాడు, తర్వాత మా ఇద్దరికీ మూడేసి ముద్దులు. అందరితో రకియా తాగాడు. నాన్న పాట ఎత్తుకున్నాడు.

భోజనాలయ్యాక కంచె దగ్గర ఇద్దరమే నిలబడ్డాం. అడక్కుండానే మొదలుపెట్టాడు.

“గాల్లో ఉండగానే తెలిసింది నాకు. బంతి కోసం వచ్చేవాడు పైకి చూస్తాడు. నువ్వు నా కాళ్లు చూశావు.”

మే 18 పేజీ గుర్తొచ్చింది.

“సురాయి ఇచ్చినప్పుడూ కిందికే చూశావు,” అన్నాడు. “అప్పుడూ తెలిసింది. కుమ్ అని అడిగితే కాదనలేనని నీకు తెలుసు. తాగితే ఫైనల్ పోతుందని తెలుసు. మళ్లీ దిగే చోట్లోనే పెట్టావు.”

“తెలిసి ఎందుకు తాగావు?”

“పిల్లాడేం చేశాడు? మా అమ్మేం చేసింది?”

కంచె అవతల మంద మీద కుక్క మొరిగింది. అతను దానివైపు చూస్తూ మాట్లాడాడు.

“ఆటలో కాలు పెడతారు. మా స్కూల్లో పన్నెండేళ్ల వెధవలు కూడా పెడతారు, మళ్లీ ఏడుస్తారు. స్పెయిన్ పోయింది, పోనీ. రెఫరీ చూడలేదు, అది అతని తప్పు. కానీ నువ్వు చెయ్యెత్తలేదు. నేను నేల మీద పడి ఉండి నీ చెయ్యి కోసం చూశాను వెల్యా. స్ట్రెచర్ మీద నుంచి కూడా చూశాను. స్రేతెన్ మనకి నేర్పింది అదొక్కటే కదా.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకునే చోటు కూడా లేదు. అతను ఓదార్చలేదు. గొర్రెపిల్ల మాంసం ఇంకాస్త తింటానని వెళ్లిపోయాడు.

వెళ్లేటప్పుడు జేబులోంచి తన ఈల తీసి ఉగ్లేషా మెడలో వేశాడు. “కుమ్ బహుమతి,” అన్నాడు. “నాకు ఇక దీనితో పెద్ద పని లేదు.” కోపంగా అనలేదు. మెట్లు అడ్డంగా దిగి, వాళ్లమ్మను కారెక్కించాడు.

“స్లావా పండక్కి వస్తాం,” అంది ఆమె కిటికీలోంచి. అది మా ఇంటి సెయింట్ పండగ, దానికి కుమ్ ప్రతి ఏడూ వస్తాడు. నేను బతికున్నంత కాలం వస్తాడు.

జూన్ 3

మోకాలు బాగాలేదు. రెండేళ్ల నుంచీ బాగాలేదు.

జూన్ 4

దున్యాకు అంతా చెప్పాను. పన్నెండేళ్ల కిందటిది, మార్చి 17ది, మే 18ది. ఆమె మధ్యలో ఆపలేదు. అయ్యాక, “మార్చిలోనే తెలుసు నాకు,” అంది. “నువ్వు చెబుతావేమోనని చూస్తున్నా.”

అందరూ చూస్తూనే ఉన్నారన్నమాట.

జూన్ 6

పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక పక్క ఒప్పందం, ఒక పక్క తెల్ల కాగితం. తెల్ల కాగితం మీద ముందు కమిషనర్ చిరునామా రాశాను. తర్వాత జరిగింది జరిగినట్టు రాశాను. పై లిస్టు పరీక్ష ఉందని తెలిసే ఏప్రిల్ 14న కుమ్ అడగడానికి వెళ్లానని, అతను ఉండకపోవడం మాకు మంచిదని ఎవరు ఏ మాటల్లో అన్నారో, నేను విననట్టు ఎలా ఊరుకున్నానో రాశాను. ఫైనల్ చివరి నిమిషంలో మూలలో జరిగింది కూడా రాశాను.

కుర్రాళ్లకు పై లీగ్ పోవచ్చు. నన్ను భుజాల మీద ఎత్తుకున్న వాళ్లే నన్ను తిడతారు, తిట్టాలి కూడా. రాదిషా అయితే నా ముఖం మీదే అబద్ధమంటాడు. నాన్నకు ఏం చెప్పాలో ఇంకా తెలియదు. సురాయి ఆయనది.

ఓబ్రాద్‌ని లిస్టులోకి తీసుకోమని రాయలేదు. ఒకసారి రాసి కొట్టేశాను. అది అతను అడగాల్సింది, నేను కాదు.

ఒప్పందం చింపలేదు. కవరులో పెట్టి రాదిషాకు సంతకం లేకుండా తిరిగి పంపించాను. ఉత్తరం పోస్టులో వేసి, వచ్చేటప్పుడు రొట్టె కొన్నాను.

జూన్ 7

ఉగ్లేషా ఈల తీయడం లేదు, స్నానానికి కూడా. దున్యా పొయ్యి వెలిగిస్తే ఊదుతాడు, పిల్లి గుమ్మం దాటితే ఊదుతాడు. ఇంట్లో అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోతున్నాం.

ఇందాక హాల్లో నడుస్తూ వాడి చెక్క బండిని కాలితో పక్కకు తన్నాను. చూసుకోలేదు. కాదు, చూశాను. వాడు కత్తిరించిన జుట్టుతో నా ముందుకు వచ్చి, బుగ్గలు పొంగించి ఊదాడు.

చెయ్యెత్తాను.

వాడు ఆ చెయ్యి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బండి తీసుకుని వెళ్లిపోయాడు.